ఎప్పుడు వేడెక్కుతోంది? ముందు అది చెప్పండి
పాఠకుల ప్రశ్నలకు ఒక పాత మెకానిక్ జవాబులు

ఈసారి నా బల్ల మీదకు చేరిన ఉత్తరాల్లో సగానికి పైగా మోటారు సైకిల్ ఇంజిన్ వేడి గురించే. ‘బండి బాగా వేడెక్కుతోంది, ఏం మార్చమంటారు?’ అని ఒక్క ముక్కలో అడిగి ఊరుకున్నవాళ్లే ఎక్కువ. ఏం మార్చాలో నేను చెప్పగలను. కానీ ఎప్పుడు వేడెక్కుతోందో మీరే చెప్పాలి. ఆగినప్పుడా, పరుగెత్తేటప్పుడా? స్టార్టు చేసిన రెండు నిమిషాలకా, గంట గడిచాకా? ఏదైనా మార్పించిన మర్నాటి నుంచా? ముప్పయ్యేళ్లకు పైగా స్పానర్ పట్టినవాణ్ణి, ఈ ఒక్క ప్రశ్న అడగకుండా నేను విప్పిన ఇంజిన్లలో సగం విప్పనక్కర లేనివే. ఆ సమయం రాసి పంపినవారి ఉత్తరాలనే ఈసారి ఎంచుకున్నాను.

ప్రశ్న: నాది రేడియేటర్ ఉన్న బండి. ఫ్యాన్ కాలిపోతే రెండు నెలల క్రితం కొత్తది వేయించాను. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడి ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, చప్పుడు కూడా వినిపిస్తోంది. ఖాళీ రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసే ద్రవం, కూలెంట్ మార్చాను, వేడెక్కాక తెరుచుకుని దాన్ని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ మార్చాను. ఇంకా ఏం మార్చాలి?

జవాబు: ఇక ఏమీ మార్చకండి. కదులుతున్న బండికి ఎదురుగాలే ఫ్యాన్. బండి ఆగాక ఆ పని చేయడానికి అసలు ఫ్యాన్ తప్ప వేరే దిక్కు లేదు. అందుకే ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడే బండిలో మొదటి అనుమానం దాని మీదకే పోవాలి. మీరేమో ‘తిరుగుతోంది కదా’ అని దాన్ని వదిలేసి చుట్టుపక్కల సామానంతా మార్చారు. తిరగడం వేరు, గాలి లాగడం వేరు.

ఒక పలచని కాగితం ముక్క తీసుకోండి, జేబులో ఉన్న పాత రసీదు చాలు. బండిని నిలబెట్టి, ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదాకా ఇంజిన్ ఆడించండి. అప్పుడు ఆ కాగితాన్ని రేడియేటర్ ముందువైపు, అంటే ముందు చక్రం వైపు, దగ్గరగా పట్టుకోండి. చాలా బండ్లలో ఫ్యాన్ రేడియేటర్ వెనక కూర్చుని గాలిని ముందు నుంచి వెనక్కి లాగుతుంది. కాగితం వెళ్లి జాలీకి అతుక్కోవాలి. అలా కాక మీ వైపే రెపరెపలాడితే ఫ్యాన్ ఎదురు దిశలో తిరుగుతున్నట్టే. ఈ చిన్న మోటారుకు రెండు తీగలు తారుమారైతే తిరిగే దిశ కూడా తారుమారవుతుంది. రెక్కల వంపేమో ఒక దిశకే పనికొచ్చేలా ఉంటుంది. ఎదురు తిరిగినప్పుడు గాలి పలచగా, అదీ ముందుకు పోతుంది. బండి నెమ్మదిగా కదిలేటప్పుడు వచ్చే కాస్త ఎదురుగాలిని కూడా అదే అడ్డుకుంటుంది. వేగం పెరిగాక ఎదురుగాలిదే పైచేయి కనుక ఖాళీ రోడ్డు మీద మీకు తేడా తెలియడం లేదు.

కొత్త ఫ్యాన్‌కు వచ్చిన ప్లగ్గు సరిపోక తీగలు కోసి అతికినప్పుడే ఇలా జరుగుతుంది. అతుకు విప్పి, తీగలు మార్చి కలిపి, మళ్లీ కాగితం పట్టి చూడండి.

ఫ్యాన్ అసలు తిరగనివారికి ఇక్కడే రెండు మాటలు. ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే మోటారు మంచిదే, లోపం ముందున్న దారిలో ఉంది: ఫ్యూజు, రిలే, ఉష్ణోగ్రతను కనిపెట్టే స్విచ్చు. పాత బండ్లలో ఆ స్విచ్చు రేడియేటర్‌కే బిగించి ఉంటుంది. తాళం ఆన్‌కు తిప్పి, దాని రెండు తీగలను ఒక ముక్క వైరుతో కలిపితే ఫ్యాన్ తిరగాలి. ఒకే తీగ ఉన్న రకమైతే ఆ తీగను ఇంజిన్ లోహానికి తాకించాలి. తిరిగితే స్విచ్చు పోయినట్టు. కొత్త బండ్లలో ఈ పని సెన్సర్, కంప్యూటర్ చూసుకుంటాయి, అక్కడ తీగలు కలిపే ప్రయోగాలు వద్దు. ఇవన్నీ చేసే ముందు ప్లగ్గు లోపల పచ్చటి చిలుము ఉందేమో చూడండి. నా లెక్కలో సగం ఫ్యాన్ల జబ్బు అదే.

ప్రశ్న: నా సమస్య దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఊళ్లో ఎంతసేపు తిరిగినా ముల్లు కదలదు. పెద్ద రోడ్డెక్కి గంటకు 90 కిలోమీటర్లు దాటితే పావుగంటలో దీపం వెలుగుతుంది. వేగం తగ్గిస్తే మళ్లీ మామూలే. థర్మోస్టాట్ తీసి పారేయమని ఒక మిత్రుడు సలహా ఇస్తే అలాగే చేశాను. కాస్త నయమనిపించింది, కానీ పోలేదు.

జవాబు: మీ ఫ్యాన్ నిర్దోషి. ఆ వేగంలో అది ఉన్నా లేనట్టే. ఇది కూలెంట్ ప్రవాహానికో, రేడియేటర్ చేతకానితనానికో సంబంధించినది.

వేగం కాస్త పెరిగితే ఇంత తేడా ఏమిటని మీకు అనిపించవచ్చు. గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే మీటరులో కనిపించేది నాలుగో వంతు పెరుగుదలే, గాలి కోసం ఇంజిన్ పెట్టే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు. వేడీ ఆ మేరకు పుడుతుంది. సగం మూసుకుపోయిన రేడియేటర్ ఊళ్లో తిరిగేటప్పటి వేడిని ఎలాగో నెట్టుకొస్తుంది, ఇక్కడికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

ముందు బండి ఎదుట మోకాళ్ల మీద కూర్చుని రేడియేటర్‌ను చూడండి. నిలబడి చూస్తే ఏమీ కనపడదు. రాళ్లు తగలకుండా అని బిగించిన సన్నకంతల జాలీ, అదనపు దీపాలు, ఎండిన బురద, పురుగులు, ఇవన్నీ గాలికి అడ్డమే. ఇంకొకటి, ఎక్కువ ఒత్తిడి నీటితో కడిగించే అలవాటు ఉంటే రేడియేటర్ రెక్కలు గడ్డి పడుకున్నట్టు ఒక పక్కకు వాలిపోయి ఉంటాయి. వాలిన రెక్కల మధ్య గాలి దూరదు. పలచని పిన్నుతో ఓపికగా ఒక్కొక్కటీ లేపాలి. నేను ఒకసారి ఒక రేడియేటర్‌కు సగం రోజు కూర్చున్నాను. కడగవలసి వస్తే వెనక వైపు నుంచి ముందుకు, మామూలు ధారతో కడగండి. వచ్చిన దారినే మట్టి పోవాలి.

బయట శుభ్రంగా ఉంటే లోపలి సంగతి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, దూరం నుంచి వేడి కొలిచే తుపాకీలాంటి సాధనంతో రేడియేటర్ అంతటా చూడండి. కూలెంట్ లోపలికి వచ్చే చోటి నుంచి బయటికి పోయే చోటికి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడో ఒక ముక్క చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు పూడుకుపోయినట్టే. మామూలు కుళాయి నీళ్లు ఏళ్ల తరబడి పోసినవారికి దక్కే బహుమానం అది.

తర్వాత కూలెంట్‌ను తిప్పే పంపు. రేడియేటర్ నుంచి పంపుకు పోయే రబ్బరు గొట్టాన్ని గమనిస్తూ ఇంకొకరిని యాక్సిలేటర్ ఇవ్వమనండి. రబ్బరు మెత్తబడి ఉంటే పంపు లాగే లాగుడుకు గొట్టం చప్పిడిగా అతుక్కుంటుంది. వేగం ఎక్కువైనప్పుడే ఇలా జరుగుతుంది, బండి ఆగాక చూస్తే గుండ్రంగా, అమాయకంగా ఉంటుంది. పంపు మూత కూడా విప్పండి. ప్లాస్టిక్ రెక్కల చక్రం తన ఇరుసు మీద వదులై, ఇరుసు తిరుగుతుంటే చక్రం సగం తిరిగీ సగం తిరగకా ఉన్న బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. వేలితో పట్టి తిప్పితే బయటపడింది.

ఇక ఆ థర్మోస్టాట్ మళ్లీ పెట్టండి. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆ పెట్రోలు కొంత ఆయిల్‌లో కలుస్తుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే పక్కదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. పాతది మంచిదో కాదో మీరే చూసుకోవచ్చు. దాని తలుపు సందులో ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెడు నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయండి. థర్మామీటరు పక్కనే ఉంచి నీళ్లు కాచండి. తలుపు తెరుచుకున్న క్షణాన దారం జారి థర్మోస్టాట్ టప్పున అడుగున పడుతుంది. ఆ క్షణంలోని అంకెను, దాని మీద ముద్రించిన అంకెతో పోల్చండి. 82 అని ఉంటే 82కి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ పడవచ్చు. 95 వచ్చినా పడలేదంటే దాని పని అయిపోయింది. పడ్డాక కూడా కాచడం ఆపకండి, ఇంకో పది, పదిహేను డిగ్రీలకు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. సగంలో ఆగిపోయే థర్మోస్టాట్ సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలే చూపిస్తుంది.

ప్రశ్న: కొత్త బండి కొన్నాను. ఆగినప్పుడల్లా కాళ్లకు సెగ కొడుతోంది. తాళం తీసేశాక కూడా ఫ్యాన్ తిరుగుతోంది. ఇంజిన్ పాడవుతోందా?

జవాబు: లేదు. రేడియేటర్ నుంచి బయటికి తోసిన వేడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి, అక్కడ మీ కాళ్లు ఉన్నాయి. ఇంజిన్ ఆపగానే కూలెంట్ ప్రవాహం ఆగుతుంది, లోహంలో నిల్వ ఉన్న వేడి దానిలోకి దిగుతుంది, అందుకే ఆపిన తర్వాత కాసేపు ఉష్ణోగ్రత పెరుగుతుంది కూడా. దాన్ని తగ్గించడానికే కొన్ని బండ్లలో ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. చాలా బండ్లలో ఫ్యాన్ మొదలయ్యేదే 100 డిగ్రీల ప్రాంతంలో, కాబట్టి మీటరులో 102 కనిపిస్తే గుండె పట్టుకోకండి. ఎర్రదీపం వెలిగితే అప్పుడు రాయండి.

ప్రశ్న: నేను విద్యార్థిని. నాది గాలితో చల్లబడే చిన్న బండి. చప్పుడు బాగుంటుందని సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఇప్పుడు అరగంట నడిపితే పికప్ పడిపోయి, లోపల టకటకమని చప్పుడు వస్తోంది. సైలెన్సర్ గొట్టం ఇంజిన్ దగ్గర నీలంగా మారింది. ఆయిల్ కూలర్ బిగిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు బాబూ. గాలి ఎక్కువ లోపలికి పోయేలా, పొగ సులువుగా బయటికి పోయేలా రెండు తలుపులూ తెరిచారు, పెట్రోలు మాత్రం పాత కొలతలోనే పోస్తున్నారు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమం వేడిగా, నెమ్మదిగా మండుతుంది, ఆ మంట గొట్టందాకా వస్తుంది. ఆ నీలం దాని సంతకం. స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ ముక్కు లేత గోధుమరంగులో ఉండాలి. మీది సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుందని నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను.

పాత ఫిల్టర్, పాత సైలెన్సర్ మళ్లీ పెట్టి వారం రోజులు నడపండి. చప్పుడు మీద మనసు చంపుకోలేకపోతే, కార్బురేటర్ ఉన్న బండికి పెట్రోలు వదిలే జెట్టు పెద్దది వేయించి మిశ్రమం సరిచేయించండి. ఇంజెక్షన్ బండి అయితే కంప్యూటర్‌లోని పెట్రోలు లెక్కలే మార్చాలి, అది తెలిసినవారి చేతికే ఇవ్వండి.

సామాను వెనక్కి పెట్టినా వేడి పోకపోతే, విప్పి బిగించినప్పుడు కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న రబ్బరు ముక్క చీలిందేమో చూడాలి. కంటికి కనపడని చీలికకు ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ నెమ్మదిగా ఆడుతుండగా ఆ రబ్బరు చుట్టూ నీళ్లు తుంపరగా కొట్టండి. నీళ్లు ఒక చోట తగలగానే ఇంజిన్ ఆట మారితే, గాలి దూరుతున్నది అక్కడే. కొందరు దీనికి పెట్రోలు, మండే స్ప్రేలు వాడతారు. వేడి ఇంజిన్ మీద అవి చల్లితే చీలిక దొరికేలోపు నిప్పు దొరుకుతుంది. నీళ్లు చాలు.

ఈ రకం ఇంజిన్‌లో ఆయిలే సగం కూలెంట్. లీటరు పట్టే ఇంజిన్‌లో పావు లీటరు తగ్గిందంటే వేడి మోసే నలుగురిలో ఒకరు రాలేదన్నమాట. మట్టం చూసేటప్పుడు బండిని నిటారుగా నిలబెట్టండి, పక్క స్టాండు మీద చూస్తే లెక్క తప్పుతుంది. సిలిండర్ రెక్కల మధ్య మట్టి గీకి తీయండి. వాల్వుల సందు కొలిపించండి. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలావరకు వదిలించుకునేది మూసుకుని సీటుకు ఆనినప్పుడే. సందు మరీ తక్కువైతే అది పూర్తిగా ఆనదు, వేడి వదలదు, చివరికి అంచు కాలిపోతుంది. ఇక చివరగా, బండిని స్టాండెక్కించి చక్రాలు చేత్తో తిప్పి చూడండి. పట్టేసిన బ్రేకును లాక్కుంటూ పోయే ఇంజిన్‌కు ఆయిల్ కూలర్ ఏం చేస్తుంది?

ప్రశ్న: బండి నడిపి వచ్చాక కూలెంట్ డబ్బాలో మట్టం గరిష్ఠ గీత దాటి ఉంటోంది. తెల్లారి చూసినా అలాగే ఉంటోంది. రేడియేటర్ మూత తీస్తే మాత్రం లోపల తక్కువగా ఉంటోంది. హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే పలచని పొర) పోయిందని, ఇంజిన్ విప్పాలని చెప్పారు. నిజమేనా?

జవాబు: విప్పనివ్వకండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, సరిగ్గా ఈ లక్షణాలతో వచ్చిన బండిని నేను విప్పాను. పని నేర్చుకుని సొంతంగా మొదలుపెట్టిన కొత్తలో. హెడ్ దించాను, కొత్త గ్యాస్కెట్ వేశాను, రెండు రోజులు పట్టింది. బండి ఇచ్చిన మూడో రోజున ఆయన మళ్లీ వచ్చి, ఏమీ అనకుండా, కూలెంట్ డబ్బా చూపించాడు. నిండుగా ఉంది. చివరికి తేలింది రేడియేటర్ మూత. విప్పిన కూలి వెనక్కి ఇచ్చాను కానీ, ఆ మనిషి మళ్లీ రాలేదు.

ఆ మూతలో ఒకటి కాదు, రెండు వాల్వులు ఉంటాయి. పెద్దది లోపలి ఒత్తిడిని నిలబెడుతుంది. మూత మీద 1.1 అనో 108 అనో ఉండే అంకె ఆ ఒత్తిడిదే, మొదటిది చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్కలో, రెండోది కిలోపాస్కల్‌లలో. సగం నీళ్లు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు రసాయనం) కలిసిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. ఈ ఒత్తిడి ఉంటే 125 దాటేదాకా మరగదు. స్ప్రింగు నీరసించిన మూత ఉంటే మీ కూలెంట్ తొందరగా మరిగి డబ్బాలోకి పొంగుతుంది. చిన్న వాల్వు మూత మధ్యలో, చొక్కా గుండీ అంత ఉంటుంది. ఇంజిన్ చల్లారి కూలెంట్ కుంచించుకున్నప్పుడు అది తెరుచుకుని, డబ్బాలోకి పోయినదాన్ని వెనక్కి పీల్చుకోనిస్తుంది. మీకు డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటోందంటే పోవడం ఉంది, రావడం లేదు. గోటితో ఆ గుండీని మెల్లగా పైకి లాగండి, కదిలి మళ్లీ కూర్చోవాలి. బిగుసుకుని ఉంటే దొంగ దొరికినట్టే. తెల్లారి రబ్బరు గొట్టాలు చప్పిడిగా లోపలికి పీక్కుపోయి ఉండటం దీనికి ఇంకో సాక్ష్యం. మూత బాగుంటే, అక్కడి నుంచి డబ్బాకు పోయే సన్న గొట్టం చూడండి. దానికి చీలిక ఉంటే కూలెంట్‌కు బదులు గాలి పీలుస్తుంది.

గ్యాస్కెట్ నిజంగా పోతే తేడా ఇలా తెలుస్తుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు మూత తీసి స్టార్టు చేయండి. మొదట కాసేపు రెండు మూడు బుడగలు రావడం మామూలే, లోపల చిక్కుకున్న గాలి అది. యాక్సిలేటర్ ఇచ్చినప్పుడల్లా ఆగకుండా బుడగలు వస్తే అది సిలిండర్ నుంచి వచ్చే పొగ. లేదా మూత బిగించి స్టార్టు చేసి, నిమిషంలోపు పై గొట్టాన్ని నొక్కండి. ఇంకా గోరువెచ్చగానే ఉన్నప్పుడు గొట్టం కర్రలా బిగిసిందంటే ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చినది కాదు. ఆయిల్ చూసే అద్దంలో మీగడలాంటి తెల్లటి నురుగు, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ ఉంటే అప్పుడు విప్పించండి. అయితే రోజూ కిలోమీటరో, రెండు కిలోమీటర్లో మాత్రమే నడిపేవారికి ఇంజిన్‌లో తేమ చేరి కూడా కాస్త నురుగు కనిపిస్తుంది. దాన్ని చూసి బెంబేలెత్తకండి.

ప్రశ్న: కూలెంట్ ఎందుకు, మంచినీళ్లు పోస్తే చాలదా? వేడిని నీళ్లే ఎక్కువ మోస్తాయని చదివాను. పచ్చ కూలెంట్‌లో ఎర్రది కలపవచ్చా?

జవాబు: మీరు చదివింది నిజమే. గ్లైకాల్ కన్నా నీళ్లు వేడిని బాగా మోస్తాయి. అందుకే ‘కూలెంట్ ఎంత చిక్కగా పోస్తే అంత చలువ’ అనుకుని నీళ్లు కలపకుండా పోసేవారి బండి ఇంకా వేడెక్కుతుంది. కానీ ఉత్త నీళ్లు అల్యూమినియాన్ని తింటాయి, పంపు సీలుకు జారుడు ఇవ్వవు, ముందే మరుగుతాయి, గడ్డకడితే ఇంజిన్‌ను పగలగొడతాయి. సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. నీళ్లంటే డిస్టిల్డ్ వాటర్. సీసా మీద ‘నేరుగా పోయవచ్చు’ అని ఉంటే అందులో నీళ్లు ముందే కలిసి ఉన్నాయి, మళ్లీ కలపకండి.

రంగు కేవలం రంగు. ఒక కంపెనీ పచ్చ, ఇంకో కంపెనీ పచ్చ ఒకటే కానక్కర లేదు. లోపలి రసాయనాలు పడకపోతే జిగురుగా గడ్డకట్టి రేడియేటర్‌ను పూడుస్తాయి. పాతది ఏమిటో తెలియకపోతే అంతా వంపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొత్తది పోయండి. పోశాక గాలి తీయడం మరవకండి: మూత తీసి ఇంజిన్ ఆడిస్తూ, బండిని అటూ ఇటూ వంచుతూ, మట్టం దిగినప్పుడల్లా నింపాలి. కొన్ని బండ్లలో గాలి వదిలే స్క్రూ విడిగా ఉంటుంది. కూలెంట్ మార్చిన మర్నాటి నుంచే వేడెక్కే బండికి జబ్బు ఇదే, లోపల చిక్కిన గాలి. వంపిన పాత కూలెంట్‌ను పళ్లెంలో వదిలి పోకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లలు, జంతువులు నోట పెట్టుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

నీళ్లతో చల్లబరచడం కొత్త సంగతేమీ కాదు. 1971లో సుజుకి జీటీ750 అని పెద్ద రెండు స్ట్రోకుల బండి రేడియేటర్‌తో వచ్చింది. అమెరికాలో దాన్ని ‘నీటి గేదె’ అని పిలుచుకున్నారు, బ్రిటన్‌లో నీళ్లు కాచుకునే ‘కెటిల్’ అన్నారు. నాకు గేదె పేరే నచ్చింది.

ప్రశ్న: దారిలో వేడి దీపం వెలిగింది. పక్కవారు ఇంజిన్ మీద నీళ్లు పోయమన్నారు. నేను పోయలేదు, భయపడి గంటసేపు కూర్చున్నాను. ఆ మధ్యలో ముల్లు పడిపోయింది కూడా. నేను చేసింది సరైనదేనా?

జవాబు: నూటికి నూరుపాళ్లు సరైనది, అమ్మా. ఎర్రగా కాలిన లోహం మీద చన్నీళ్లు పోస్తే ఒక పక్క కుంచించుకుంటుంది, ఇంకో పక్క అలాగే ఉంటుంది. హెడ్ వంకర పోవడానికి, పగలడానికి అదొక్కటి చాలు. ఇంజిన్ ఆపండి, కుదిరితే తాళం మాత్రం ఆన్‌లోనే ఉంచండి, చాలా బండ్లలో ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. నా కుడి ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా వెంట్రుకలు మొలవని చర్మం ఉంది. గుడ్డ చుట్టి మూత తిప్పితే ఏమవుతుందిలే అనుకున్న రోజు గుర్తు అది. గుడ్డ ఆవిరిని ఆపదు, తాను తడిసి చేతికి అతుక్కుంటుంది.

చల్లారాక మట్టం చూసి, తక్కువుంటే దొరికిన శుభ్రమైన నీళ్లు పోసుకుని నెమ్మదిగా ఇంటికి చేరండి. తర్వాత సరైన కూలెంట్ పోయించవచ్చు.

మీ ముల్లు ఇంజిన్ ఆగాక పడింది కనుక ఫరవాలేదు. నడుస్తుండగా ఎర్రగీత దగ్గరున్న ముల్లు ఒక్కసారిగా కింద పడితే మాత్రం సంతోషించకండి. కూలెంట్ అంతా పోయి సెన్సర్ ఒట్టి గాలిలో వేలాడుతున్నప్పుడు కూడా అలాగే పడుతుంది. అప్పుడు మీకున్న సమయం నిమిషాలే.

ప్రశ్న: వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి కూలెంట్ చుక్కలు కారుతుంటే గట్టిపడే బంక పెట్టి మూసేశాను. కారడం ఆగింది. నెల రోజులుగా బాగానే ఉంది. మంచి పనే కదా?

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రంధ్రం తయారీలో లోపం కాదు, కావాలని పెట్టినది. పంపు ఇరుసు మీద రెండు సీళ్లు ఉంటాయి, ఒకటి కూలెంట్‌ను ఆపడానికి, ఇంకొకటి ఇంజిన్ ఆయిల్‌ను ఆపడానికి. రెండింటి మధ్య ఖాళీ నుంచి బయటికి పోయే దారి అది. కూలెంట్ సీలు అరిగినప్పుడు చుక్కలు అక్కడి నుంచి రాలి మీకు కబురు చెప్పాలి. మీరు ఆ దారి మూసేశారు, సీలు మాత్రం కారుతూనే ఉంది. ఆ కూలెంట్‌కు ఇప్పుడు మిగిలిన దారి రెండో సీలు దాటి ఆయిల్‌లోకి పోవడమే.

ఈ రోజే బండి ఆపి ఆయిల్ చూడండి. అద్దంలో నురుగు ఉంటే స్టార్టు చేయకుండా ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించాలి, లేకపోతే బేరింగులు పోతాయి. నురుగు లేకపోతే మీ అదృష్టం. ఎలాగైనా ఆ బంకను సూదితో గీకి, రంధ్రం పూర్తిగా తెరిచి, కింద ఒక గుడ్డ పరవండి. తర్వాత సీళ్లు రెండూ కలిపి మార్పించండి, ఒక్కదానికి ఆశపడితే రెండోదానికి మళ్లీ విప్పాలి. ఇరుసు మీద సీలు ఆనే చోట గోటికి గీత తగిలితే ఇరుసు కూడా మార్చమనండి.